పొగకు నిప్పొక్కటే చాలదు

నిప్పు లేనిదే పొగ రాదంటాం. అందులో పేచీ లేదు. దాన్నే తిరగేసి, నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా అని అడిగితే చిక్కు మొదలవుతుంది. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొయ్యిలో పొగ వస్తోందంటే నిప్పుతో పాటు అక్కడ తడి కట్టె కూడా ఉందన్నమాట. రోజూ తడి కట్టెలతోనే వంట చేసుకునే ఊరివాళ్ళకు ఈ తేడా కనిపించదు. నిప్పు పెడితే చాలు పొగ వస్తుందని వాళ్ళు గట్టిగా నమ్ముతారు, ఆ ఊళ్ళో ఉన్నంతకాలం ఆ నమ్మకం వమ్ము కాదు కూడా. వేరే ఊరు వెళ్ళినప్పుడే అది తప్పని తేలుతుంది. మన తార్కికులు ఈ తడి కట్టెను ఉపాధి అన్నారు. అంటే, కార్యకారణాల మధ్య నిలబడి పని చేస్తూ, లెక్కలోకి రాకుండా పోయే షరతు. 17వ శతాబ్దంలో అన్నంభట్టు అనే తెలుగువాడు రాసిన ‘తర్కసంగ్రహం’ ఇప్పటికీ దేశమంతటా తర్కం నేర్చుకునేవాళ్ళకు తొలి పుస్తకం. అందులో ఉపాధికి ఇచ్చిన ఉదాహరణ ఈ తడి కట్టే.

ఈ పాత ఉదాహరణతో పసిబిడ్డల ప్రాణాలకు సంబంధం ఉంది. 2022లో ప్రపంచం మొత్తం మీద పుట్టిన 28 రోజుల్లోపే చనిపోయిన శిశువులు సుమారు 23 లక్షల మంది. వీటిలో చాలా మరణాలను ఆపే పద్ధతులు ఎక్కడో ఒక దేశంలో ఎవరికో ఒకరికి తెలిసినవే. కాబట్టి తెలిసిన చోటి నుంచి తెలియని చోటికి వాటిని తీసుకెళ్ళాలనుకోవడం న్యాయమైన కోరిక. అయితే ఒక చోట నిజమని తేలింది ఇంకో చోటా నిజమవుతుందని ఏ ఆధారంతో అంటున్నాం? ఇది తత్త్వశాస్త్రపు ప్రశ్న, కానీ దీనికి తప్పు జవాబు చెబితే ఆ మూల్యం కట్టేది బాలింతలూ పసికందులూ. ఒక పద్ధతిని దేశం దాటించేవాళ్ళకు తెలిసింది సగమేనని నా వాదన. మిగతా సగం ఆ పద్ధతి చేరే చోట ఉన్న మనుషుల దగ్గర ఉంటుంది. దాన్ని అడిగి తెలుసుకోవడం మర్యాద కోసం చేసే పని కాదు, జ్ఞానంలోనే అది భాగం.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు, నొప్పులు అసలు ఎందుకు మొదలవుతాయో తెలుసుకుందామని గొర్రెల మీద ప్రయోగాలు చేసేవాడు. కడుపులో ఉన్న పిల్లకు స్టెరాయిడ్ ఎక్కించి చూస్తే, ఎంతమాత్రం బతకకూడనంత ముందుగా పుట్టిన గొర్రెపిల్ల ఊపిరి తీస్తూ కనిపించింది. దాని ఊపిరితిత్తులు గడువు కన్నా ముందే పక్వానికి వచ్చాయి. తోటి వైద్యుడు రాస్ హౌవీతో కలిసి ఆయన ఇదే కోవకు చెందిన స్టెరాయిడ్‌ను, నెలలు నిండకుండా నొప్పులొచ్చిన గర్భిణులకు ఇచ్చి, 1972లో ఫలితాలు ప్రకటించాడు. బిడ్డలు బతికారు. ఆ తర్వాత చాలా దేశాల ఆసుపత్రుల్లో జరిగిన పరీక్షలూ అదే చెప్పాయి. మందు ఖరీదైనది కాదు. డెక్సామెథసోన్ ఆరు మిల్లీగ్రాముల చొప్పున పన్నెండు గంటలకొకటిగా నాలుగు ఇంజెక్షన్లు, అంతే. ఇంత చవకైన, ఇంత రుజువైన మందు పేద దేశాల పల్లెలకు చేరకపోవడం అన్యాయమని వైద్యలోకం అనుకుంది. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

2011 నుంచి 2014 వరకు అర్జెంటీనా, గ్వాటెమాలా, కెన్యా, జాంబియా, పాకిస్థాన్‌లతో పాటు మన దేశంలో బెళగావి, నాగపూర్ ప్రాంతాల్లోనూ ఆ ప్రయత్నం పెద్ద ఎత్తున జరిగింది. లెక్కలోకి వచ్చిన కాన్పులు లక్షకు దగ్గర. స్కానింగ్ లేని చోట ఎన్నో నెలో తేల్చడానికి రంగుల గీతలున్న టేపు ఇచ్చారు. పొట్ట మీద దాన్ని పెట్టి కొలిచి, ఏ రంగు దగ్గర ఆగిందో చూసి, నెలలు నిండలేదనిపిస్తే ఇంజెక్షన్ ఇవ్వాలి. ఫలితాలు వచ్చాక చూస్తే, ఎవరి కోసం ఈ మందు తెచ్చారో ఆ బరువు తక్కువ బిడ్డల మరణాలు తగ్గలేదు. బిడ్డలందరినీ కలిపి చూస్తే మరణాలు పెరిగాయి. మామూలు పద్ధతి నడిచిన చోట వెయ్యి సజీవ జననాలకు 23.9 మంది పోతే, మందు ప్రచారం జరిగిన చోట 27.4 మంది పోయారు. తల్లుల్లో ఇన్‌ఫెక్షన్ అనుమానాలూ పెరిగాయి. మందు తీసుకున్న చాలామందికి నెలలు నిండాకే కాన్పు అయింది, అంటే వాళ్ళకది అక్కర్లేని మందు. ముందుగా పుట్టిన బిడ్డలకేమో పుట్టాక అందాల్సిన వెచ్చదనం, ఆక్సిజన్, ఇన్‌ఫెక్షన్ మందులు చాలా చోట్ల అందుబాటులో లేవు.

ఆక్లాండ్‌లో మందు పనిచేయలేదా అంటే నిక్షేపంగా పనిచేసింది. కాకపోతే అక్కడ పనిచేసింది మందు ఒక్కటే కాదు. నెలలు సరిగా లెక్కకట్టగల వైద్యులు, గంటగంటకూ చూసే నర్సులు, పుట్టిన బిడ్డను నిలబెట్టే వార్డు అక్కడ ముందే ఉన్నాయి. రోజూ ఉన్నవి కాబట్టి అవి పరిశోధన పత్రంలో షరతులుగా కనిపించలేదు, ఆసుపత్రి అన్నాక ఉండేవేగా అనిపించాయి. తడి కట్టె కంటికి ఆనని ఊరు అదే. ఈ దెబ్బ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఈ మందు వాడకానికి స్పష్టమైన షరతులు రాసింది. ఎన్నో వారమో కచ్చితంగా తెలియాలి, కాన్పు దగ్గరపడి ఉండాలి, తల్లికి ఇన్‌ఫెక్షన్ ఉండకూడదు, కాన్పుకూ ఆ తర్వాత బిడ్డకూ తగిన వైద్యం అక్కడే ఉండాలి. ఆ షరతులు ఉన్న చోట ఏమవుతుందో కూడా తర్వాత తేలింది. మన దేశం, బంగ్లాదేశ్, కెన్యా, నైజీరియా, పాకిస్థాన్‌లలోని 29 ఆసుపత్రుల్లో, స్కానింగ్‌తో వారాలు తేల్చి ఇదే డెక్సామెథసోన్ ఇచ్చారు. మందు అందిన శిశువుల్లో 19.6 శాతం, అందని వాళ్ళలో 23.5 శాతం చనిపోయారు. 2020లో ఈ ఫలితం వెలువడింది. పేద దేశాల శరీరాలకు ఈ మందు పడదన్న అపోహకు దాంతో చోటు లేకుండా పోయింది. రెండు పరీక్షల్లోనూ మన దేశం ఉంది, పాకిస్థాన్ ఉంది, కెన్యా ఉంది. శరీరం అదే, మందు అదే. మారినవి షరతులు.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. అది కొత్తది కాదు, కంటికి కనిపించిందే నమ్మే చార్వాకులు వెయ్యేళ్ళ కిందటే లేవనెత్తినది. ఉపాధులు కంటికి కనిపించకుండా దాగి ఉంటాయన్నప్పుడు, ఇక అనుమాన ప్రమాణాన్ని, అంటే చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని తెలుసుకునే మార్గాన్ని, నమ్మడం ఎలా? ఒక చోట చూసినదాన్ని బట్టి ఇంకో చోట గురించి ఏమీ చెప్పలేమనే కదా? అలాగైతే ప్రతి జిల్లాలో, ప్రతి ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి పరీక్షలు చేసుకుంటూ కూర్చోవాలి, ఈలోపు బిడ్డలు పోతూనే ఉంటారు. పదో శతాబ్దపు మిథిలా పండితుడు ఉదయనాచార్యుడు దీనికిచ్చిన జవాబు నాకు ఇప్పటికీ సరిగానే తోస్తుంది. సందేహానికి హద్దు ఉంది, మనిషి చేసే పనే ఆ హద్దు. నిప్పు పొగను పుట్టిస్తుందో లేదోనని నిజంగా సందేహించేవాడు పొగ కావాలనుకున్నప్పుడు నిప్పు కోసం వెతకడు. వెతుకుతున్నాడంటే ఆ సందేహం అతని నోట్లోనే ఉంది, చేతల్లో లేదు. కాబట్టి ఊహకందే ప్రతి ఉపాధినీ కాదు, ఉందేమోనని అనుమానించడానికి కారణం ఉన్న ఉపాధినే వెతకాలి. కాన్పు ఎక్కడ జరుగుతోంది, బిడ్డను మొదట ముట్టుకునేది ఎవరు, మందు సీసా ఎవరి చేతికి వెళ్తుంది, ఇవి అలాంటి అనుమానాలు.

బొడ్డుకు పూసే క్లోర్‌హెక్సిడీన్ అనే క్రిమినాశక మందు సంగతే చూడండి. నేపాల్‌లోని సర్లాహీలో, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్‌లో, పాకిస్థాన్‌లోని సింధ్‌లో దానివల్ల శిశు మరణాలు తగ్గినట్టు తేలింది. జాంబియాలోనూ, టాంజానియాకు చెందిన పెంబా దీవిలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మొదటి మూడు చోట్ల ఇళ్ళలో కాన్పులు ఎక్కువ, నవజాత మరణాలూ ఎక్కువ. ఆఫ్రికా పరీక్షలు జరిగిన చోట ఆ రెండూ అంత లేవు. ఈ తేడాను పసిగట్టడానికి ఊరూరా పరీక్ష అక్కర్లేదు, చూసే కన్నుంటే చాలు. ఆ కన్ను లేనప్పుడు మందు సీసా కూడా ప్రమాదమే. ఈ ద్రవాన్ని చిన్న సీసాల్లో పంపిణీ చేసిన కొన్ని ఆఫ్రికా దేశాల్లో, కంటి చుక్కలనుకుని కళ్ళలో వేయడం వల్ల చూపు దెబ్బతిన్నదని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. ఇంట్లో ఏ సీసా దేనికి వాడతారో ఆ ఇంటి ఆడవాళ్ళను ముందే అడిగి ఉంటే ఇది తెలిసేది.

అడగడమే పద్ధతిగా మారిన ఉదాహరణ కూడా ఒకటి ఉంది. అది బొలీవియా కొండల్లో పుట్టింది. 1990ల తొలినాళ్ళలో ఇంకిసివీ అనే మారుమూల ప్రాంతంలో ఆడవాళ్ళు గుంపులుగా కూర్చుని, తమ ఊళ్ళో తల్లులూ బిడ్డలూ ఎందుకు చనిపోతున్నారో తామే చర్చించుకుని, ఏం చేయాలో తామే నిర్ణయించుకున్నారు. అక్కడ కాన్పు చుట్టూ జరిగే శిశు మరణాలు వెయ్యికి 117 నుంచి 43.8కి పడిపోయాయి. ఆ పద్ధతి నేపాల్‌లోని మక్వాన్‌పూర్ కొండలకు వెళ్ళింది. అక్కడ చర్చ నడిపింది డాక్టరో నర్సో కాదు, అదే ఊరి ఆడమనిషి. నెలకోసారి కలవడం, బొమ్మల కార్డులు పరచుకుని ఏ బిడ్డ ఎందుకు పోయిందో మాట్లాడుకోవడం జరిగేది. ఒక గుంపు అత్యవసరానికి డబ్బు పోగుచేసుకుంది, ఇంకో గుంపు కొండ దిగువకు మోసుకెళ్ళడానికి స్ట్రెచర్ ఏర్పాటు చేసుకుంది, మరో గుంపు శుభ్రమైన కాన్పు కిట్లు తెప్పించుకుంది. నవజాత మరణాలు 30 శాతం తగ్గాయని 2004లో తేలింది. అక్కడి నుంచి ఏక్‌జుట్ అనే సంస్థ ద్వారా ఆ పద్ధతి జార్ఖండ్, ఒడిశాల ఆదివాసీ జిల్లాలకు చేరింది. మూడేళ్ళలో నవజాత మరణాలు 32 శాతం తగ్గాయి. బొలీవియా నుంచి బయలుదేరింది ఏమిటి మరి? మందు కాదు, యంత్రం కాదు, చివరికి ఫలానా సలహా కూడా కాదు. ప్రశ్న అడిగే తీరు ఒక్కటే బయలుదేరింది. జవాబులు ప్రతిచోటా స్థానికంగా పుట్టాయి.

ఇంత మంచి పద్ధతికి ఉపాధి ఉండదని అనుకోకూడదు. బంగ్లాదేశ్‌లో ఇదే ప్రయత్నం మొదటిసారి విఫలమైంది. 2010లో, జార్ఖండ్ ఫలితాలతో పాటే ఆ ఫలితమూ అచ్చయింది. ఎందుకో వెతికితే జార్ఖండ్, ఒడిశాల్లో 468 మందికి ఒక గుంపు ఉంటే, బంగ్లాదేశ్‌లో 1414 మందికి ఒకటి ఉందని తేలింది. గర్భిణుల్లో చాలా తక్కువమందే ఆ సమావేశాలకు వచ్చారు. గుంపుల సంఖ్య బాగా పెంచి మళ్ళీ చేస్తే, అవే జిల్లాల్లో నవజాత మరణాలు 38 శాతం తగ్గాయి. నాలుగు దేశాల్లో జరిగిన ఏడు పరీక్షలను 2013లో కలిపి చూసినప్పుడు, గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది పాల్గొన్న చోటే లాభం బలంగా కనిపించింది. మొదటి వైఫల్యాన్ని చూసి, బంగ్లాదేశ్ ఆడవాళ్ళకు ఇది సరిపడదు, అక్కడి సంస్కృతి వేరు అని తేల్చేసి ఉంటే ఎంత పొరపాటయ్యేది! తేడా సంస్కృతిలో లేదు, గుంపుల లెక్కలో ఉంది. వైఫల్యం కూడా జ్ఞానమే, దాని ఉపాధిని వెతికిన వాళ్ళకు.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది, ఎందుకంటే అందులో నిజం ఉంది. షరతులు వెతుకుతూ జాగు చేయడం కూడా చంపుతుంది. వైద్య పరిశోధనల ఫలితాలను కూడగట్టే కోక్రేన్ సంస్థ చిహ్నంలోని చిన్న గీతలు ఈ స్టెరాయిడ్ పరీక్షలవే. రుజువు దొరికాక కూడా సంపన్న దేశాల వైద్యులే ఏళ్ళ తరబడి ఆ మందు వాడకపోవడం వల్ల పోయిన బిడ్డలకు అది గుర్తు. ఒకే మందు విషయంలో ఆలస్యమూ ప్రాణాలు తీసింది, తొందరా తీసింది. అయినా రెండు తప్పులనూ ఒకే గాటన కట్టలేం. తన ఆసుపత్రిలో షరతులన్నీ ఉన్నాయని తెలిసి కూడా వాడని వైద్యుడికి సాకు లేదు. షరతులు లేని చోటికి మందు ఒక్కదాన్నే పంపినవాళ్ళు మంచి మనసుతోనే పంపారు, కానీ మంచి మనసు ప్రమాణాల్లో ఒకటి కాదు. భగవద్గీత పదిహేడో అధ్యాయం దేశమూ కాలమూ పాత్రతా చూసి ఇచ్చిన దానాన్నే సాత్త్వికం అంటుంది. జ్ఞానదానానికి నేను ఇంకొకటి చేరుస్తాను. ఇక్కడ పుచ్చుకునే మనిషి ఊరికే చేయి చాపి నిలబడ్డ మనిషి కాదు, ఇచ్చేవాడికి తెలియనిది తెలిసిన మనిషి. ఆమెను అడగకుండా ఇచ్చినది దానం కిందకు రాదు.

స్థానికులను అడగమంటున్నానంటే స్థానికమైనదల్లా సరైనదని కాదు. ముర్రుపాలు పిండి పారబోసి బిడ్డకు తేనె నాకించడం మన ఇళ్ళలోనూ తరాలుగా సాగిన ఆచారమే. అది బిడ్డకు చేటు చేస్తుందనడంలో ఏ మర్యాదా అడ్డు రాకూడదు. ఆధునికమైనది కూడా షరతు తప్పితే ఆచారంలాగే మిగులుతుంది. అడ్డం తిరిగిన బిడ్డను, రక్తం పోతున్న తల్లిని కాపాడే సిజేరియన్ మన దగ్గరికి వచ్చి ఎందరినో బతికించింది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. జనాభా మొత్తం మీద ఈ ఆపరేషన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ముహూర్తం చూసుకుని కోయించుకునే కాన్పులో అవసరమనే ఉపాధి పూర్తిగా జారిపోయింది. కత్తి మాత్రం మిగిలింది.

దీనికి ఎదురుగా, లేని షరతును ఉందనుకోవడం కూడా ఉంది. తార్కికుల మాటల్లో చెప్పాలంటే, అది ఉపాధి కానిదాన్ని ఉపాధి అనుకునే భ్రమ. కొలంబియా రాజధాని బొగోటాలోని మాతాశిశు ఆసుపత్రిలో 1978-79 ప్రాంతంలో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు బిడ్డల్ని పడుకోబెట్టేవారు. ఒకరి ఇన్‌ఫెక్షన్ ఇంకొకరికి అంటేది. ఎడ్గార్ రే, ఆ తర్వాత హెక్టార్ మార్టినెజ్ అనే వైద్యులు బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా నిలువుగా కట్టి ఉంచడం మొదలుపెట్టారు. అదే కంగారూ మదర్ కేర్. మరణాలు బాగా తగ్గాయన్న వార్త పాకింది. 1985లో అక్కడికి వెళ్ళి చూసిన ఇద్దరు బ్రిటిష్ పరిశీలకులు, తొలి గంటల్లోనే పోయిన బిడ్డలు ఈ లెక్కలోకి రాలేదని లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ సందేహం న్యాయమైనదే, దానివల్లే తర్వాత గట్టి పరీక్షలు జరిగాయి. న్యాయం కానిది, ఇది ఇంక్యుబేటర్ కొనలేని పేదల సర్దుబాటన్న చిన్నచూపు. స్వీడన్‌లోని ఉప్సలాలో, ఇంక్యుబేటర్లకు కొదవలేని చోట, తల్లులూ తండ్రులూ బిడ్డను ఎదకు హత్తుకుని కూర్చోవడం మొదలయ్యాక ఆ చిన్నచూపుకు ఆధారం పోయింది. పద్ధతులు ఎప్పుడూ ఉత్తరం నుంచి దక్షిణానికే రావాలన్న ఊహ కూడా దాంతోనే పోవాల్సింది.

అప్పటికీ ఒక షరతు మిగిలింది. బిడ్డ పరిస్థితి నిలకడగా మారాకే తల్లి ఎద మీదికి ఇవ్వాలని 2003 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం చెప్పింది. వినడానికి సబబుగానే ఉంది. కానీ చిన్న బిడ్డల మరణాల్లో ఎక్కువ భాగం నిలకడ రాకముందే జరుగుతాయి. ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల ఆసుపత్రులతో పాటు ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో 3211 మంది శిశువులతో జరిగిన పరీక్ష ఈ షరతును తిరగదోడింది. బిడ్డలు కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువువాళ్ళు. పుట్టిన వెంటనే, నిలకడ కోసం ఆగకుండా, రోజుకు దాదాపు 17 గంటలు తల్లి ఎద మీద ఉన్నవాళ్ళలో 28 రోజుల్లోపు 12 శాతం చనిపోయారు. పాత పద్ధతిలో 15.7 శాతం. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, ఇంకా కొందరు తల్లులకు దీన్ని దక్కనివ్వకపోవడం అన్యాయమని పరీక్షను గడువుకు ముందే ఆపేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసు మార్చుకుంది.

నిలకడ అనేది ఉపాధి కాదని అలా తేలింది. అసలు ఉపాధి ఏమిటో కూడా ఆ పరీక్షే చూపించింది. రోజుకు 17 గంటలు బిడ్డను ఎదకు కట్టుకోవాలంటే తల్లి ఆ వార్డులోనే ఉండాలి. అందుకు శిశు అత్యవసర విభాగం లోపలే తల్లికి మంచం, భోజనం, మరుగుదొడ్డి, ఆమెను చూసే ప్రసూతి నర్సు కావాలి. ఆమె కాసేపు లేచినప్పుడు బిడ్డను ఎత్తుకునే అమ్మమ్మకో, తండ్రికో లోపలికి అనుమతి ఉండాలి. ఆ ఐదు ఆసుపత్రులూ ముందుగా ఆ ఏర్పాటు చేసుకున్నాకే ఫలితం వచ్చింది. బిడ్డను అద్దాల గదిలో పెట్టి, పచ్చి బాలింతను బయట వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టే విభాగంలో ‘కంగారూ మదర్ కేర్ అమలు చేస్తున్నాం’ అని బోర్డు తగిలిస్తే, ఆక్లాండ్ మందును షరతుల్లేకుండా పల్లెకు పంపిన తప్పే మళ్ళీ చేసినట్టు. రెండు తెలుగు రాష్ట్రాల్లో జిల్లా ఆసుపత్రుల బడ్జెట్లు రాసే అధికారులను నేను కోరేది ఒక్కటే. కొత్త వార్మర్లకు ఆర్డరు పెట్టే ముందు, ఆ గదిలో తల్లి మంచానికి చోటు గీయించండి. ఎక్కడ గీయాలో తెలియకపోతే, నెలలు నిండని బిడ్డను కని ఆ వరండాలో కూర్చున్న తల్లినే అడగండి.